ఆయిల్‌లో నీళ్లు

చేవెళ్ల నుంచి మొయినాబాద్ మీదుగా పట్నం పోయే రోడ్డు తెల్లవారకముందే మేలుకుంటుంది. ఆ రోడ్డు మీద ఒక పాత అంబాసిడర్ కారు తిరుగుతోంది అనుకోండి. అది కిరాయి బండి. డ్రైవరుకు అదే బతుకుదెరువు. అంబాసిడర్ కార్ల తయారీ 2014లో ఆగిపోయింది. కొత్తవి రావు. ఉన్న ఇంజన్‌నే కాపాడుకోవాలి.

కొన్ని రోజులుగా రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతున్నాయి. కింద చూస్తే ఒక్క చుక్క కూడా కారడం లేదు. డ్రైవరు సీసాతో నీళ్లు పోసి నడుపుతున్నాడు. ఒకరోజు మొయినాబాద్ చేరేసరికి ఇంజన్ కాలిపోతోంది. మేస్త్రీ దగ్గర ఆపాడు.

"అన్నా, ఆయిల్ ఎప్పుడు చూసినవ్?"

"పోయిన నెల చూసిన. నీళ్లు మాత్రం రోజూ పోస్తున్న."

"పోసిన నీళ్లు ఎటు పోతున్నయ్ మరి?"

మేస్త్రీ ఆయిల్ చూసే పుల్ల బయటికి తీశాడు. దానికి అంటిన ఆయిల్ నల్లగా లేదు. పాలు పోసిన చాయ్ లాగా ఉంది. నీళ్లు పోయింది అందులోకే.

ఇంజన్‌లో కింద బ్లాకు, పైన హెడ్ ఉంటాయి. రెంటి నడుమ పల్చని రేకు లాంటి గ్యాస్కెట్ ఉంటుంది. నీళ్ల దారి, ఆయిల్ దారి, మంట పుట్టే చోటు, ఈ మూడింటినీ వేరు చేసేది అదే. ఇంజన్ బాగా వేడెక్కితే హెడ్ వంగుతుంది. గ్యాస్కెట్ కాలుతుంది. అప్పుడు నీళ్లు ఆయిల్‌లోకి దిగుతాయి. ఒక్కోసారి హెడ్ గానీ బ్లాకు గానీ పగిలినా ఇట్లాగే అవుతుంది.

అయితే తొందరపడి హెడ్ విప్పించకూడదు. చలికాలంలో బండి కొద్ది దూరమే తిరిగితే ఆయిల్ మూత కింద కొంచెం తెల్లని నురగ కడుతుంది. అది ఆవిరి వల్ల వచ్చిన తడి. రేడియేటర్‌లో నీళ్లు తగ్గకుండా, పుల్ల మీద ఆయిల్ బాగుంటే భయం లేదు. నీళ్లు తగ్గుతూ, పుల్ల మీద ఆయిల్ మట్టం పెరుగుతుంటే మాత్రం అనుమానించాలి. పోసిన ఆయిల్ తనంతట తాను పెరగదు కదా!

ఇంకొక పరీక్ష ఉంది. బండిని రాత్రంతా కదపకుండా ఉంచాలి. నీళ్లు ఆయిల్ కంటే బరువు. కాబట్టి కలవని నీళ్లు అడుగుకు దిగుతాయి. పొద్దున ఇంజన్ స్టార్ట్ చేయకముందే చాంబర్ కింది బోల్టును మెల్లగా వదులు చేయాలి. ముందు నీళ్లు వస్తే సంగతి తేలినట్టే. కానీ బాగా చిలికినట్టు కలిసిపోతే నీళ్లు విడిపోవు. అప్పుడు తెల్లని ఆయిలే వస్తుంది. సైలెన్సర్ నుంచి ఆగకుండా తెల్లని పొగ రావడం, రేడియేటర్‌లో బుడగలు లేవడం కూడా గ్యాస్కెట్ పోయిన గుర్తులే. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయవద్దు. మరిగే నీళ్లు ముఖం మీదికి ఎగజిమ్ముతాయి.

"ఇంటిదాకా నడుపుకొని పోనా?" అని డ్రైవర్లు అడుగుతారు. పోవద్దు. నీళ్లు కలిసిన ఆయిల్‌కు జిగురు ఉండదు. బేరింగులు అరుగుతాయి, క్రాంకు గీసుకుపోతుంది. గ్యాస్కెట్‌తో పోయే ఖర్చు ఇంజన్ మొత్తానికి పాకుతుంది. బండిని తాడు కట్టి లాక్కుపోవడమే చవక.

హెడ్ విప్పాక అది వంగిందా, పగిలిందా అని చూడాలి. చూడకుండా కొత్త గ్యాస్కెట్ వేస్తే అది కూడా కాలుతుంది. పాత ఆయిల్, ఫిల్టర్ పారేసి కొత్తవి వేయాలి. కొద్ది రోజులు తిరిగాక ఆయిల్ ఇంకోసారి మార్చాలి. మూలల్లో మిగిలిన తడి అప్పుడే పోతుంది.

తీసిన ఆయిల్‌ను మోరీలో పోయకూడదు. మొయినాబాద్ చుట్టుపక్కల వాన నీళ్లు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లకు చేరుతాయి. మూత ఉన్న డబ్బాలో పట్టి, పాత ఆయిల్ కొనేవాళ్లకు ఇవ్వాలి. రేడియేటర్‌లో రంగు కూలెంట్ పోసి ఉంటే ఇంకా జాగ్రత్త. అది తియ్యగా ఉంటుంది, కానీ విషం. పిల్లలకు, పశువులకు, కుక్కలకు అందకుండా ఉంచాలి.