సూపర్‌మేన్‌ హక్కులపై పన్నెండేళ్ల పోరు

కొవ్వూరు: ఎన్టీ రామారావు కథానాయకుడిగా 1980లో వచ్చిన 'సూపర్‌మేన్‌' చిత్రం గోదావరి తీరంలోని పెద్దలకు గుర్తే. ఆ పేరుకు మూలమైన అమెరికా బొమ్మల కథల వీరుడు అంతకు ఎంతో ముందే న్యాయస్థానం మెట్లెక్కాడు. కథలు రాసేవారు, బొమ్మలు గీసేవారు, పుస్తకాలు అచ్చువేసేవారు ఆ వ్యాజ్యం నుంచి తెలుసుకోవలసినది ఎంతో ఉంది.

వివాదం మొదలైందిలా..
జెర్రీ సీగెల్‌, జో షూస్టర్‌ అనే యువకులు సృష్టించిన సూపర్‌మేన్‌ 1938లో తొలిసారి అచ్చయ్యాడు. వారు 130 డాలర్లకే హక్కులను ప్రచురణకర్తలకు రాసిచ్చారు. 1940లో ఫాసెట్‌ సంస్థ 'కెప్టెన్‌ మార్వెల్‌'ను ప్రవేశపెట్టింది. బిల్లీ బాట్సన్‌ అనే బాలుడు 'షజామ్‌' అని పలకగానే మహాబలుడిగా మారతాడు. ఒక దశలో ఇతడు అమ్మకాలలో సూపర్‌మేన్‌ను మించిపోయాడు. తమ వీరుడిని అనుకరించారంటూ నేషనల్‌ సంస్థ (నేటి డీసీ) 1941లో దావా వేసింది.

తీర్పు మీద తీర్పు
ఫాసెట్‌ అనుకరణ నిజమేనని 1950లో విచారణ న్యాయస్థానం అంగీకరించింది. అయితే దినపత్రికలలో వచ్చిన కొన్ని సూపర్‌మేన్‌ కథలపై కాపీరైట్‌ ప్రకటన సక్రమంగా ముద్రించనందున హక్కు చేజారిందని పేర్కొంది. 1951లో అప్పీలు న్యాయమూర్తి లెర్నెడ్‌ హ్యాండ్‌ దీనిని తోసిపుచ్చారు. ఏ కథను ఏ కథ నుంచి తీసుకున్నారో విడివిడిగా పోల్చాలని ఆదేశించారు. 1953లో ఫాసెట్‌ 4 లక్షల డాలర్లు చెల్లించి, కెప్టెన్‌ మార్వెల్‌ ప్రచురణ మానుకునేందుకు అంగీకరించి రాజీపడింది.

విచిత్రమేమంటే 1972లో అదే వీరుడి కథలను ప్రచురించేందుకు డీసీయే ఫాసెట్‌ నుంచి అనుమతి పొందింది. అప్పటికే మార్వెల్‌ సంస్థ 1967లో అదే పేరుతో మరో వీరుడిని తెచ్చినందున, డీసీ తన పుస్తకానికి 'షజామ్‌' అని పేరు పెట్టవలసి వచ్చింది.

మన చట్టం ఏమంటోంది?
మన దేశంలో 1957 నాటి కాపీరైట్‌ చట్టం అమలులో ఉంది. ఆలోచనపై ఎవరికీ హక్కు ఉండదని, దానిని వ్యక్తీకరించిన తీరుకే రక్షణ లభిస్తుందని ఆర్‌.జి.ఆనంద్‌ కేసులో సుప్రీంకోర్టు 1978లో స్పష్టం చేసింది. అంటే ఎగిరే వీరుడి కథ ఎవరైనా రాయవచ్చు. మరొకరి సన్నివేశాలను, బొమ్మలను ఎత్తిరాయరాదు. హక్కు పుట్టడానికి రిజిస్ట్రేషన్‌ తప్పనిసరి కాదు. రచయిత జీవితకాలంతో పాటు మరణానంతరం 60 ఏళ్లు అది కొనసాగుతుంది.

హక్కుల బదలాయింపు లిఖితపూర్వకంగానే జరగాలి. ఒప్పందంలో గడువు పేర్కొనకపోతే ఐదేళ్లుగా పరిగణిస్తారు. అందుచేత సంతకానికి ముందు గడువు, ప్రతిఫలం, ఏయే హక్కులు ఇస్తున్నామన్నది చూసుకోవడం అవసరం. సూపర్‌మేన్‌ కోట్లు ఆర్జించినా సీగెల్‌, షూస్టర్‌లకు వార్షిక భృతి దక్కింది 1975లోనే.