పీసా చౌకంలో ఒక పూట

పీసా గోపురాన్ని మనలో చూడనివారెవరు? చిన్ననాటి పాఠ్యపుస్తకంలో, ప్రపంచ వింతల బొమ్మలలో దానిని మనమందరమూ చూచినవారమే. కాని ఆ బొమ్మలో గోపుర మొక్కటే ఉండేది. దాని చుట్టూ ఏమున్నదో ఎవరూ చెప్పలేదు. ఇటలీలోని ఆ ఊరికి పోయి, ప్రాకార ద్వారం దాటి లోపల అడుగుపెట్టిన నాడు గాని ఆ లోటు నాకు తెలిసిరాలేదు.

విశాలమైన పచ్చికబయలు, దానిపై తెల్లని చలువరాతి కట్టడాలు నాలుగు. నడుమ మహాదేవాలయం. 1063లో పలెర్మో రేవుపై దాడిచేసి తెచ్చిన ధనంతో పీసా నావికులు దీనికి పూనుకొన్నారు. 1118లో ప్రతిష్ఠ జరిగినది. బుస్కేతో అనే శిల్పి దీనికి ఆద్యుడు. ఎదురుగా, 1152లో ఆరంభించిన గుండ్రని జ్ఞానస్నాన మందిరం. ఒక ప్రక్క 1278 నాటి శ్మశాన మంటపం. మనం ఎరిగిన గోపురం ఆ దేవాలయానికి గంటల గోపురం మాత్రమే.

పచ్చికమీద ఒక వినోదం జరుగుతున్నది. దేశదేశాల యాత్రికులు చేతులు చాచి, పడబోయే గోపురాన్ని తామే ఆపుతున్నట్లు ఛాయాచిత్రాలు తీయించుకొంటున్నారు.

“నాన్నగారూ, మీరూ అలా నిలబడండి” అన్నది మా అమ్మాయి.

“ముందు అన్నీ చూచివద్దాం పదమ్మా” అని దాటవేసినాను.

నిజానికి దానిని నిలిపిన చేయి ఏది? 1173లో పునాది పడినది. అడుగున ఉన్నది మెత్తని బంకమన్ను. 1178 ప్రాంతాన మూడవ అంతస్తు లేచేసరికే గోపురం ఒరగసాగినది. ఇంతలో యుద్ధాలు వచ్చి పని ఆగిపోయినది. 1272 వరకు, దాదాపు నూరేళ్ళు, రాయిమీద రాయి పెట్టినవారు లేరు. ఆ మొండిగోపురం ఆ ఊరివారికి ఎంత తలవంపుగా ఉండేదో! కాని ఆ నూరేళ్ళలోనే పైబరువుకు మన్ను మెల్లగా అణగి గట్టిపడినది. ఎడతెగకుండా కట్టుకొని పోయి ఉంటే గోపురం ఆనాడే కూలేదని నేటి ఇంజనీర్లు లెక్కగట్టి చెబుతున్నారు. తరువాతివారు వంపును సరిదిద్దబోయి పై అంతస్తులను ఒకవైపు ఎత్తుచేసి కట్టినారు. అందుచేత గోపురం ఒరగడమేగాక, నిదానించి చూస్తే కొంచెం వంగి కూడా ఉంటుంది. 1990లో ప్రమాదశంకతో దానిని మూసివేసి, ఉత్తరపువైపు అడుగుమన్నును కొద్దికొద్దిగా తోడి, వంపును సుమారు అర్ధడిగ్రీ తగ్గించి, 2001లో తిరిగి తెరచినారు. పూర్తిగా నిటారు చేయడానికి వారు పూనుకోలేదు.

యుద్ధం కూడా ఒకప్పుడు మేలు చేస్తుంది గాబోలునని అనుకొంటూ శ్మశాన మంటపంలోకి వెళ్ళినాను. ఆ తలపు అక్కడ నిలువలేదు. 1944 జూలై 27న గుండుపడి ఆ మంటపం కప్పు అంటుకొన్నది. కప్పు మీది సీసం కరిగి, వందలయేండ్లనాటి కుడ్యచిత్రాలపై ధారలు కట్టినది. మిగిలినవాటిని కాపాడడానికి గోడలనుండి ఒలిచినప్పుడు, అడుగున చిత్రకారులు ఎర్రమట్టితో గీసుకొన్న తొలిరేఖలు బయటపడినవి. చౌకంలోనే ఒక ప్రదర్శనశాలలో వాటిని ఉంచినారు. కవుల చిత్తుప్రతులు చూచినట్లే ఉన్నది నాకు. ఆ మంట రేగకపోతే వాటిని మనం చూచేవారము కామేమో. అయినా ఆ లాభంతో ఈ నష్టాన్ని సరిపెట్టుకోవడానికి నా మనసొప్పలేదు. ‘మృత్యువిజయం’ అనే మహాచిత్రం ఎన్నో ఏండ్ల చికిత్స తరువాత 2018లో తిరిగి తన గోడ చేరుకొన్నది. గోపురానికి నూరేళ్ళ విశ్రాంతి దొరికినట్లు, ఆ చిత్రానికి ఓపిక గల చేతులు దొరికినవి. కాలిపోయినవాటికి ఆ అదృష్టం లేకపోయినది.

బయటికి వచ్చేసరికి నీడలు పొడుగైనవి. అమ్మాయి మళ్ళీ కెమెరా ఎత్తినది. నేను చేయి చాచలేదు. ఇంకొంచెం వెనుకకు జరిగి, నాలుగు కట్టడాలూ బొమ్మలో పడేటట్లు తీయమన్నాను.