చీట్లు వేసి చికిత్స చేయుట న్యాయమా?

కోవిడు వ్యాధి మన ప్రాంతమును పీడించిన 2021వ సంవత్సరపు వేసవిని పెద్దలెవ్వరును మఱచియుండరు. ద్వారకా తిరుమల మొదలు ఏలూరు, తాడేపల్లిగూడెముల వఱకు ఎందఱో తమవారి కొఱకు పడకలను, ప్రాణవాయువును, ప్లాస్మాదాతలను వెదకుచు తిరిగిరి. మేమును ఒక బంధువు కొఱకు రాత్రియంతయు దాతలకై ఫోను చేసినవారమే.

ఆ సంగతి తరగతిలో ప్రస్తావనకు రాగా, ఒక విద్యార్థిని యిట్లడిగినది: “మాస్టారూ, వైద్యులు పరిశోధన పేరిట చీట్లు వేసి, కొందఱికి మందిచ్చి కొందఱికి ఇయ్యక మానిరట. ప్రాణాపాయములో నున్నవారియెడ నది న్యాయమా?” ఈ ప్రశ్న తలిదండ్రులును ఆలోచింపదగినది. కావున సమాధాన మిచ్చట వ్రాయుచున్నాము.

ప్లాస్మా యనగా రక్తకణములను వేఱుచేయగా మిగులు లేత పసుపు ద్రవము. వ్యాధి తగ్గినవారి ప్లాస్మాలో ఆ వ్యాధిక్రిమిని ఎదుర్చు పదార్థములుండును. దానిని ఎక్కించినచో రోగి కోలుకొనునని వైద్యులాశించిరి. ఎక్కించుకొన్నవారిలో అనేకులు కోలుకొనిరి. ఎక్కించుకొననివారిలోను అనేకులు కోలుకొనిరి. అట్లయిన ప్లాస్మా చేసిన మేలెంత?

కొల్లేటి ప్రాంతపు చేపల రైతును తలచుకొనుడు. ఆయన క్రొత్త మేతను మంచి నీరున్న చెఱువులోను, పాత మేతను చెడు నీటి చెఱువులోను వేసినాడనుకొందము. మొదటి చెఱువులో చేపలు బాగుగా పెరిగినది మేత వలననా, నీటి వలననా? తెలియదు. అట్లే వైద్యుడు తనకు తోచినవారికే మందిచ్చినచో బలము గలవారే యొక జట్టున చేరవచ్చును. చీట్ల పద్ధతి ఈ చిక్కును తొలగించును. వృద్ధులు, యువకులు, మధుమేహము గలవారు రెండు జట్లలోను ఇంచుమించు సమముగా చేరుదురు. మామూలు చికిత్స యంతయు ఇరువురికిని జరుగును. భేదము ఆ యొక్క మందునందే. రోగియొక్క గాని అతని బంధువులయొక్క గాని సమ్మతి గైకొనుట నియమము. నేడు చీట్ల పనిని కంప్యూటరు చేయుచున్నది.

భారతీయ వైద్య పరిశోధనా మండలి 2020 ఏప్రిలు మొదలు జూలై వఱకు దేశములోని 39 వైద్యశాలలలో ప్లాస్మాను ఇట్లు పరీక్షించెను. సికింద్రాబాదులోని గాంధీ వైద్యశాల వానిలో నొకటి. ప్రాణవాయువు అవసరమై, యింకను విషమస్థితికి రాని 464 మంది అందు చేరిరి. 28 దినములలో వ్యాధి మిక్కిలి ముదిరినవారును మరణించినవారును కలిసి, ప్లాస్మా జట్టులో నూటికి 19 మంది. రెండవ జట్టులో 18 మంది. ఆశించిన మేలు కలుగలేదన్నమాట. ఈ ఫలితము 2020 అక్టోబరులోనే ప్రకటింపబడెను. అయినను మఱుసటి వేసవిలో మేమందఱమును దాతలకై పరుగులిడితిమి. 2021 మే నెలలో ప్లాస్మాను చికిత్సా నియమములనుండి తొలగించిరి.

ఇక రెండవ కథ. స్వయముగా ఊపిరి తీయజాలనివారికి ఐసీయూలో వెంటిలేటరను యంత్రముతో శ్వాస నడపుదురు. అట్టివారికి డెక్సామెథసోను అను చవుకయైన పాత మందును బ్రిటను వైద్యులు 2020లో ఇదే పద్ధతిని పరీక్షించిరి. వెంటిలేటరుపై నున్నవారిలో, మామూలు చికిత్స మాత్రమే పొందినవారు నూటికి 41 మంది మరణింపగా, ఈ మందు పుచ్చుకొన్నవారిలో 29 మంది మరణించిరి. ప్రాణవాయువే అవసరము లేనివారికి మాత్రము దాని వలన మేలు కనబడలేదు. ఒకే మందు ఎవరికి రక్షయో, ఎవరికి నిష్ప్రయోజనమో పోల్చి చూచినగాని తెలియలేదు.

మందు మేలు చేయునని నిశ్చయముగా తెలిసిన పిమ్మట చీట్లు వేయుట అన్యాయమే. తెలియనప్పుడు తెలిసినట్లు నటించుట అంతకన్న అన్యాయము. రెండవ జట్టువారు త్రోసివేయబడినవారు కారు. వారు లేనిదే ప్లాస్మా వలన మేలు లేదనియు, డెక్సామెథసోను వలన మేలు కలదనియు మనకు తెలిసియుండెడిది కాదు. పేరైనను తెలియని ఆ రోగులకు మనమందఱము ఋణపడియున్నాము.

బాలబాలికలారా! ఆత్మీయుల కొఱకు పరుగెత్తుట తప్పు కాదు. అయితే “ఇది దివ్యౌషధము” అని ఎవరైన చెప్పినప్పుడు, “దేనితో పోల్చి చూచిరి?” అని అడుగుట నేర్చుకొనుడు. ఆ రాత్రి మేము అడుగవలసిన ప్రశ్న అదియే.