అట్ట మీది పాండవులు

కోనసీమలో కనుమ పండుగనాడు అంబాజీపేట మండలం మొసలపల్లి సమీపాన గల జగ్గన్నతోటకు పదకొండు గ్రామాల నుండి పదకొండు ప్రభలు తరలివస్తాయి. అవి ఏకాదశ రుద్రులకు ప్రతీకలని భక్తుల విశ్వాసం. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలను భుజాల మీద మోస్తూ కౌశికను దాటించే దృశ్యాన్ని చూడడానికి జనం గట్ల మీద బారులు తీరుతారు. వెదురుతో కట్టి, రంగురంగుల వస్త్రాలతో అలంకరించిన ప్రభ ఎంత దూరాన ఉన్నా, ఏ ఊరి వారు ఆ ఊరి ప్రభను ఇట్టే పోల్చుకుంటారు. పదకొండూ ఒకచోట కొలువుదీరినా ఏ ఒక్కటీ మరొకదానిలో కలిసిపోదు.

పలువురు వీరులను ఒకే చిత్రంలో చూపవలసిన చిత్రకారునికి ఎదురయ్యే సమస్య కూడా ఇదే. వారందరూ ఒక్క జట్టని తెలియాలి. వారిలో ఎవరు ఎవరో కూడా తెలియాలి. ఆ చిత్రం పత్రిక అట్ట మీది బొమ్మ అయితే కష్టం మరింత పెరుగుతుంది. అంగడిలో వేలాడుతున్న పత్రికను దారిన పోయేవాడు చూసేది క్షణకాలమే. ఆ క్షణంలోనే బొమ్మ అతనిని నిలబెట్టాలి.

తెలుగు పిల్లలకు తొలి వీరుల జట్టు పంచపాండవులు. వారిని అట్టల మీదికి తెచ్చిన పత్రిక ‘చందమామ’. బి. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో మద్రాసు నుండి తెలుగు, తమిళ భాషలలో దీనిని ప్రారంభించారు. 1952 నుండి 1980లో మరణించే వరకు కొడవటిగంటి కుటుంబరావు దీని సంపాదకత్వ బాధ్యతను నిర్వహించారు. ‘చందమామ’ తొలితరం చిత్రకారులలో ఒకరైన ఎం.టి.వి. ఆచార్య 1950వ దశకంలో మహాభారత ఘట్టాలను ముందు అట్ట మీద, వెనుక అట్ట మీద రంగులలో చిత్రించారు. ఆయన భీష్ముని రూపం పాఠకుల మనస్సులలో ఎంతగా నాటుకుపోయిందంటే, భీష్ముడు అనగానే ఆ బొమ్మే కళ్లముందు నిలిచే తరం ఒకటి ఏర్పడింది.

పాండవులలో భీముని గీయడం సులభం. భారీ విగ్రహం, చేతిలో గద ఉంటే చాలు. అర్జునునికి గాండీవం ఉంది, రథం మీద కపిధ్వజం ఉంది. ధర్మరాజుకు ఆయుధంతో గుర్తింపు రాదు. ఆయన శాంతం ముఖంలోనే కనబడాలి. అసలు చిక్కు నకుల సహదేవులతో వస్తుంది. కవలలను వేరువేరుగా చూపడానికి కవికి మాటలున్నాయి. చిత్రకారునికి ఉన్నవి గీత, రంగు మాత్రమే. అందుకే అనేక భారత చిత్రాలలో ఆ ఇద్దరూ వెనుక వరుసలో నిలబడి ఉంటారు. ఇది మాద్రీసుతులకు చిత్రకారులు చేసిన చిన్న అన్యాయమనే చెప్పాలి.

సరిగ్గా ఈ చిక్కే అమెరికాలో జాక్ కిర్బీ అనే చిత్రకారునికీ ఎదురయింది. స్టాన్ లీ రచనతో, కిర్బీ బొమ్మలతో ‘ఎక్స్‌మెన్’ అనే బొమ్మల కథల పత్రిక తొలి సంచిక 1963 సెప్టెంబరు తేదీతో వెలువడింది. అందులోని జట్టులోనూ ఐదుగురే, వారికీ ఒక గురువు ఉన్నాడు. ఐదుగురూ ఒకే రకం దుస్తులు ధరించిన విద్యార్థులు కావడంతో వేషాన్ని బట్టి పోల్చుకునే వీలు తక్కువ. కిర్బీ వారిని శక్తిని బట్టి విడదీశాడు. తొలి అట్ట మీద ఒకని కంటి నుండి కిరణం దూసుకుపోతుంది, ఒకడు రెక్కలతో ఎగురుతాడు, ఒకని దేహమే మంచుముద్ద. అందరి గురీ మాగ్నెటో అనే ప్రతినాయకుని మీదనే. తొలి రోజులలో అది రెండు నెలలకొక సంచిక కావడంతో ఏడాదికి ఆరు అట్టలే వచ్చాయి. వాటి మీద బొమ్మతో పాటు పాఠకుని ఊరించే మాటలు కూడా పెద్ద అక్షరాలలో ఉండేవి. వీరులు గెలుస్తారా, ఓడుతారా అన్న ప్రశ్నతో ఆ అట్ట పాఠకుని పట్టుకుంటుంది.

ఆచార్యకు ఆ అవకాశం లేదు. పాండవులు గెలుస్తారని పాఠకునికి ముందే తెలుసు. అవ్వ చెప్పగా వినే ఉంటాడు. కథలో దాచడానికేమీ లేనప్పుడు చిత్రకారుడు పట్టుకోవలసింది ఫలితాన్ని కాదు, క్షణాన్ని. బాణం తగిలిన తరువాతి దృశ్యం కంటె అల్లెత్రాడు లాగిన చేయి, బిగిసిన కనుబొమ అక్కడ ముఖ్యం. నాట్యశాస్త్రం సాత్త్వికాభినయమని చెప్పినదానికి చిత్రంలో సాటి వచ్చేది ఇదే. ఆచార్య పాత్రల ముఖాలలో కనిపించే ఆవేశం, దైన్యం, నిశ్చయం ఈ అవసరం నుండి పుట్టినవే. వేషం మార్చుకుని గుట్టుగా మెలిగే అద్భుతవీరుల కథలు కూడా తెలుగు పాఠకునికి వింత కావు. విరాటుని కొలువులో కంకుభట్టుగా, వలలునిగా, బృహన్నలగా, దామగ్రంథిగా, తంత్రీపాలునిగా పాండవులు గడిపిన ఏడాదిని తిక్కన ఏనాడో చెప్పాడు.

మాసపత్రికకు ఏడాదికి పన్నెండు అట్టలు. ఒక్కొక్కటి విడిగా చూస్తే ఒక్కొక్క ఘట్టం; పన్నెండింటినీ వరుసగా పరచి చూస్తే కథ నడక కనిపిస్తుంది. ఒక నెల అట్ట మీద లేని వీరుడు మరొక నెల వస్తాడు. ఐదుగురినీ ఒకే చట్రంలో ఇరికించవలసిన అగత్యం లేకుండా జట్టును చూపడానికి ఏడాది పొడవు ఉపకరించింది. ఆచార్య బెంగుళూరుకు వెళ్లిపోయిన తరువాత వడ్డాది పాపయ్య దీర్ఘకాలం ‘చందమామ’ అట్టలకు వన్నె తెచ్చారు. 1921లో శ్రీకాకుళంలో జన్మించి 1992లో మరణించిన ఆయన బొమ్మ మూలన ‘వపా’ అనే రెండక్షరాలు మాత్రమే వేసేవారు. పాఠకులలో చాలామందికి ఆ సంతకం తెలుసు గాని పూర్తి పేరు తెలియదు.

అయితే పత్రికలో అన్నిటికంటె ముందు నశించేది అట్టే. పిల్లల చేతులలో మొదట చిరిగేది అదే. ధారావాహికలను విప్పి ఒకచోట కుట్టించుకునే అలవాటు తెలుగు ఇళ్లలో ఉండేది. అలా కుట్టేటప్పుడు కథ పుటలను ఉంచి అట్టలను తీసివేసేవారు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో దీనికి తోడు నీటి బాధ. రెండు గోదావరి పాయల నడుమ ఉన్న ఆ నేలలో గాలిలోని చెమ్మకే కాగితం బూజు పడుతుంది. 1986 ఆగస్టు వరదలు, 1996 నవంబరు తుపాను ఇళ్లనే ముంచినప్పుడు అటకమీది పాత పుస్తకాలను ఎవరు చూడగలరు?

‘చందమామ’ ప్రచురణ 2013లో నిలిచిపోయింది. అభిమానులు దాచిన పాత సంచికలు కొన్ని కంప్యూటర్లలోకి ఎక్కాయి. వాటిని తెరిచి చూస్తే, కొన్నింటికి మొదటి పుటలో నేరుగా కథే మొదలవుతుంది. అట్ట ఉండదు.