సంతకు నడిచే బస్తరు

ఇంకా తెల్లవారదు. అడవి బాట మీద ఒకరి వెనుక ఒకరుగా మనుషులు సాగిపోతుంటారు. మగవాని భుజాన కావడి, ఆడవారి తలలపై గంపలు. ఎవరూ పక్కపక్కన నడవరు. ఆ బాట వెడల్పు ఒక్క మనిషికే చాలును. నాడు సంత.

1998లో మూడు జిల్లాలుగా విడిపోక మునుపు బస్తరు విస్తీర్ణంలో కేరళ రాష్ట్రాన్ని మించినది. అంతటి నేలమీద సొంత వాహనమెరుగని జనం తరతరాలుగా ఎట్లా బ్రతికారో తెలియాలంటే ఈ వారపు సంతను చూడాలి. తోకాపాల్‌లో సోమవారం, లోహండీగూడలో శుక్రవారం, జగదల్‌పూర్‌లో ఆదివారం. వర్తకుడు సరుకుతో వారమంతా తిరుగుతాడు. గిరిజనుడు ఒక్కనాడు నడుస్తాడు. అంగడే అతని నడకకు అందేంత దగ్గరకు వస్తుంది.

గంపలలో వచ్చేవి ఇప్పపూవు, చింతపండు, సారపప్పు. తిరిగి పోయేవి ఉప్పు, నూనె, గుడ్డలు. ఉప్పుకు సరితూకంగా సారపప్పు పుచ్చుకున్న వర్తకుల కథలు అక్కడ పాతవే. అమాయకత్వం ఒక్కటే అందుకు కారణం కాదు. కోసుల దూరం మోసి తెచ్చిన బరువును మళ్లీ ఇంటికి మోసుకుపోవడానికి ఎవరికి మనసొప్పుతుంది? తక్కెడ పట్టినవాడికి ఆ సంగతి తెలుసు.

అయినా సంత అంటే బేరమొక్కటే కాదు. పుట్టింటి కబురు అక్కడే తెలుస్తుంది. ఆకు దొప్పలలో జీలుగు కల్లు, ఓ మూల కోడిపందెం, చెట్టు నీడన పెళ్లి మాటలు - ఇవన్నీ నడిచి వచ్చినవారి సంపాదన.

నడకను మరీ పొగడనక్కరలేదు. రోడ్డులేని ఊళ్లలో రోగిని మంచంతో సహా భుజాలకెత్తుకొని ఆస్పత్రికి నడిచిన వారున్నారు. బైలాడిలా ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం చేర్చే రైలుమార్గం మాత్రం 1960లలోనే పడింది. రాతికి దారి ముందే దొరికింది!

2020 ఏప్రిల్, లాక్‌డౌన్ రోజులు. తెలంగాణ మిరపచేలకు కూలికి వెళ్లిన ఒక గిరిజన బాలిక, బస్సులు లేక తోటివారితో బీజాపూర్ వైపు కాలినడకన బయలుదేరింది. మూడు రోజులు నడిచి, ఇల్లు ఇంకా కొద్ది దూరముండగా కన్నుమూసింది. వారానికొక పూట సంతకు నడిచే నేలమీద పుట్టిన పిల్ల ఆమె.

నేడు సంతల అంచున మోటారు సైకిళ్లు బారులు తీరుతున్నాయి. పొద్దు వాలేసరికి వాటి దుమ్ము రోడ్డు వెంట పోతుంది. కావళ్లు మాత్రం రోడ్డు దిగి, చెట్ల మధ్య సన్నని బాట పట్టి, చీకటి పడకముందే ఇల్లు చేరాలని వడివడిగా సాగుతాయి.