ముక్కు మీద ఆఫీసు

ఇల్లు ఎంత పెద్దదైనా ఇల్లాలికంటూ ఓ బల్ల ఉండదు. ఇంటి నుంచి ఉద్యోగం చేసే ఆడవాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది. మేముండేది అమెరికాలోని డాలస్‌లో. రెండు పడగ్గదుల అపార్ట్‌మెంట్. ఒకటి మాది, ఇంకోటి పిల్లలది. మరి నా ఆఫీసంటారా? భోజనాల బల్లే!

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా ఉద్యోగం. ఒక తెరమీద ప్రోగ్రాము, ఇంకో తెరమీద తప్పుల పట్టిక, మరోదాంట్లో మీటింగు ఉండాలి. ల్యాప్‌టాప్ ఒక్కటీ ఏ మూలకూ చాలదు. పెద్ద మానిటర్లు పెడితే రాత్రి భోజనాలెక్కడ? అందుకే ఏడాదిగా మిక్స్‌డ్ రియాలిటీ హెడ్‌సెట్ వాడుతున్నాను.

ఏమిటిది?

చూడ్డానికి ఈత కొట్టేవాళ్ల కళ్లజోడులా ఉంటుంది, కాకపోతే బాగా లావు. లోపల చిన్న తెరలు, అద్దాలు. బయట కెమెరాలు. ఈ కెమెరాలు మన గదినే మనకు చూపిస్తాయి. ఆ గదిలో ల్యాప్‌టాప్ తెరలు గాల్లో నిలబడ్డట్టు కనిపిస్తాయి. కీబోర్డు, కాఫీ కప్పు, గుమ్మంలో నిలబడ్డ పిల్లాడు... అన్నీ కనబడుతూనే ఉంటాయి. మనం చూసే తెర పక్కవాళ్లకు మాత్రం కనబడదు.

మెటా సంస్థ క్వెస్ట్ 3 2023 అక్టోబరులో 499 డాలర్లకు వచ్చింది. యాపిల్ విజన్ ప్రో 2024 ఫిబ్రవరిలో 3,499 డాలర్లకు అమెరికాలో విడుదలైంది. విండోస్ 11 ల్యాప్‌టాప్‌ను క్వెస్ట్ 3కి కలిపితే మూడు తెరలు పరుచుకోవచ్చు.

రోజంతా కుదరదు

క్వెస్ట్ 3 బరువు 515 గ్రాములు. అంటే ముఖానికి అరకిలో కట్టుకున్నట్టే! బ్యాటరీ సుమారు రెండు గంటలొస్తుంది. అక్షరాలు మంచి మానిటర్‌లో ఉన్నంత స్పష్టంగా ఉండవు.

జర్మనీలోని కోబర్గ్ పరిశోధకులు మరికొందరితో కలిసి 2022లో ఓ అధ్యయనం ప్రచురించారు. రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఐదు రోజులు హెడ్‌సెట్‌లో పనిచేయించారు. ఇద్దరు మొదటిరోజే మానేశారు. వారమంతా చేసిన 16 మందికి సగటున మామూలు బల్ల దగ్గరకంటే కళ్ల అలసట, చిరాకు ఎక్కువయ్యాయి. అవి అప్పటి హెడ్‌సెట్లే అనుకున్నా, నాకూ గంట దాటితే మెడ లాగేస్తుంది.

వాడాలనుకుంటే...

* కొప్పు పెడితే వెనక పట్టీ కూర్చోదు. కిందకి వదులుగా జడ వేసుకోండి.
* రెండు కళ్ల మధ్య దూరానికి తగ్గట్టు అద్దాలను సరిచేసుకోండి. లేకపోతే తలనొప్పి ఖాయం.
* అక్షరాల సైజు పెంచుకోండి.
* నలభై నిమిషాలకోసారి తీసి కిటికీలోంచి దూరంగా చూడండి.
* తల తిరిగినట్టుంటే వెంటనే తీసేయండి. 'అలవాటవుతుందిలే' అని ఓర్చుకోవద్దు.

అసలు చిక్కు

గుంటూరు నుంచి వచ్చిన మా అత్తయ్యగారు నన్ను చూసి, "అదేంటమ్మా, మొహానికేదో కట్టుకుని గోడను చూస్తున్నావు?" అన్నారు. "అమ్మ గేమ్ ఆడుకుంటోంది నానమ్మా!" అన్నాడు మా చిన్నాడు. ఇంకేం, పోపులడబ్బా ఎక్కడుందన్నా నేనే, రిమోట్ కనబడకపోయినా నేనే! అదే మావారు ల్యాప్‌టాప్ తెరిస్తే ఇల్లంతా గప్‌చుప్.

ఓ ఆదివారం అందర్నీ కూర్చోబెట్టి చెప్పాను. అత్తయ్యగారికి కూడా ఓసారి పెట్టి నా మూడు తెరలూ చూపించాను. "ఇన్ని లెక్కలు చూస్తున్నావా!" అని ఆశ్చర్యపోయారు. ఇప్పుడు పదింటికి హెడ్‌సెట్ పెట్టుకుంటే పిల్లల్ని ఆపేది ఆవిడే. కుక్కర్ కట్టేసేది మావారు.

కొనేముందు ధర, బరువు చూసుకుంటాం కదా. ఆ గంటసేపు మిమ్మల్నెవరూ పిలవకూడదన్న మాట కూడా ఇంట్లో ముందే చెప్పేయండి. మొహమాటపడ్డారో, ఎన్ని తెరలున్నా మీ పని సాగదు. ఏమంటారు?