చెఱలో బుట్టిన పాట

దేశమును గోల్పోయి చెఱలో నున్నవారిని, వారి దేవాలయమున బాడు పాటలనే వేడుకకై పాడుమని యడుగుటకంటె క్రూరమైన పరిహాసము మఱి యుండునా? యూదుల కీర్తనల గ్రంథమునందలి 137వ కీర్తన యట్టి పరిహాసమునకు బ్రత్యుత్తరము. గ్రీకు, లాటిను ప్రతులలో దీని సంఖ్య 136.

క్రీస్తునకు పూర్వము 586వ సంవత్సర ప్రాంతమున బాబిలోను రాజగు నెబుకద్నెజరు సేనలు యెరూషలేమును బట్టుకొని, దేవాలయమును దహించి, ప్రజలలో ననేకులను చెఱగొనిపోయెను. ఆ ప్రవాసదుఃఖమే యీ కీర్తనకు మూలము. తొమ్మిది చరణముల యీ చిన్న కావ్యమున మూడు ఘట్టములు గలవు. మొదట, నదీతీరమున విలపించు బందీలు తమ వాద్యములను చెట్లకు దగిలించి పాడ నిరాకరింతురు. పిదప, యెరూషలేమును మఱచినచో దన చేయియు నాలుకయు జెడిపోవలెనని కవి తన్ను దానే శపించుకొనును. తుదకా శాపము శత్రువులపైకి మరలి, బాబిలోను పసిబిడ్డల వధను గూడ గోరి ముగియును.

క్రీ. పూ. 539లో పారసీక చక్రవర్తి కోరెషు బాబిలోనును జయించి, యూదుల స్వదేశగమనమున కనుజ్ఞ నొసగెను. మరల గట్టుకొన్న దేవాలయమును క్రీ. శ. 70లో రోమనులు నాశన మొనర్చిరి. కావున నీ కీర్తనకు గాలదోషము పట్టలేదు. పనిదినములలో భోజనానంతర ప్రార్థనకు ముందు దీనిని జదువుట యూదులలో నొక యాచారము. విశ్రాంతిదినమునను బండుగలందును దీనికి బదులు, మరలి వచ్చినవారి యానందమును దెలుపు 126వ కీర్తనను బాడుదురు. వివాహవేళ వరుడు గాజుపాత్రను బగులగొట్టునప్పుడు యెరూషలేమును మఱవనను ప్రతిజ్ఞను బలుకుటయు బలుచోట్ల గలదు. కడుపు నిండిన వేళను, పెండ్లిపందిటిలోను గూడ నష్టస్మృతిని నిలుపుకొనుట సామాన్యవ్రతము గాదు.

క్రైస్తవులు దీనిని వేఱొక రీతిని గ్రహించిరి. వారికి బాబిలోను పాపభూయిష్ఠమగు నీ లోకము, యెరూషలేము పరలోకము. ప్రాచ్య ఆర్థడాక్సు సంఘములలో నీస్టరుకు బూర్వమగు మహోపవాసమునకు ముందటి మూడు ఆదివారముల ప్రాతఃకాలారాధనలో దీనిని బాడుదురు. శత్రుశిశువు లనగా హృదయమున నప్పుడే మొలకెత్తు దురాశలనియు, వానిని గొట్టవలసిన బండ క్రీస్తేయనియు అగస్తీను (354–430) వ్యాఖ్యానించెను. రోమను కథోలిక సంఘము 1970లో సవరించిన నిత్యప్రార్థనాక్రమమున మొదటి యాఱు చరణములనే యుంచి, కడపటి మూటిని విడిచినది.

ఈ పరిహారము న్యాయమేనా? భక్తులు శిశుహత్యను గోరుచు బ్రార్థింపరాదనుట నిర్వివాదము. కాని శాపమును దీసివేసిన మిగులునది చెవికింపైన విషాదము మాత్రమే. పరాభవము మనుష్యుని హృదయము నెంతదూరము గొనిపోవునో చూపు సాక్ష్యము మఱుగగును. వ్యాఖ్యానముచే దానిని మెత్తన చేసినను ఫలమదియే. ప్రార్థనగా బఠించుట వేఱు, సాక్ష్యముగా జదువుట వేఱు. ఆరాధనలో విడిచినను విడువవచ్చును. గ్రంథమున మాత్రము తొమ్మిది చరణములను గలిపియే చదువవలెను. ఆ శాపము ననుసరింపదగిన యాజ్ఞగా నెవ్వరును గొనరాదు. బాబిలోనువారు వేడుకకై పాట నడిగిరి. వారికి దక్కినది యీ శాపము. దానికి వారు చేసిన దౌష్ట్యమే కారణమని తెలియవలెనన్న, పాటను మొదటినుండి తుదివఱకు వినవలసినదే.